టికెట్ కిటికీలో ఎర్రతల

మా తోటికోడలికి మనుషుల మొహాలు గుర్తుండవు. తలలు గుర్తుంటాయి. పెళ్లయి మా ఇంటికొచ్చిన కొత్తలో వీధి చివర కిరాణా కొట్టాయన ఎదురుపడి పలకరిస్తే, ఎవరో తెలియక దిక్కులు చూసింది. ఆయన దాటిపోయి రెండడుగులు వేశాక వెనక్కి తిరిగి చూసి, "ఓ, ఈయనా" అంది. ఆయనకి నడినెత్తిన పాత రూపాయి బిళ్లంత బట్టతల ఉంది. దాన్నిబట్టి పోల్చుకుంది. మా మరిదిలో ఏం చూసి చేసుకున్నావని అడిగితే, నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత చక్కగా ఉంటుందని చెప్పింది. ఆ గీత ఇప్పుడు ఏటికేడాది వెనక్కి జరుగుతోంది. పాపం, ఆ పిల్ల ఇకముందు ఏం చూసుకుని కాపురం చేయాలో నాకైతే తెలియదు.

తను విగ్గుల కార్ఖానాలో పనిచేస్తుంది. చెక్క తల మీద సన్నటి వల బిగించి, చిన్న కొక్కెం ఉన్న సూదితో ఒక్కొక్క వెంట్రుకనే వల కన్నంలోంచి లాగి ముడి వేయాలి. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి అరచెయ్యంత నెత్తి తయారవుతుంది. నాకైతే పిచ్చెక్కుతుంది. నేను ఇంట్లోనే ఇస్త్రీ చేస్తాను. వీధిలో సగం మంది చొక్కాలు నా బల్ల మీదికి రావాల్సిందే. ఒక చొక్కా అయితే అయినట్టు కనిపిస్తుంది, మడత పెట్టి పక్కన పడేస్తాను. తన పని అలా తెమలదు. కార్ఖానాలో అందరూ తనని సూది అంటారు. మా అత్తగారు కూడా ఆ పేరే ఖాయం చేసింది, కాకపోతే ఆవిడ తన పని చూసి పెట్టలేదు, నోరు చూసి పెట్టింది.

వాళ్లిద్దరికీ క్షణం పడేది కాదు. ఉప్పు దగ్గర మొదలై ఉతికిన బట్టల దాకా, తలుపు ఎవరు వేయలేదన్న దగ్గర్నుంచి నీళ్ల మోటారు ఎవరు కట్టేయలేదన్న దాకా, ప్రతిదానికీ ఒకరి మీదొకరు ఒంటికాలి మీద లేచేవాళ్లు. పెద్దకోడల్ని కాబట్టి నేను మధ్యలోకెళ్లి సర్దిచెప్పాలి. చెప్పేదాన్ని కాదు. చొక్కా మీద నీళ్లు చిలకరిస్తూ వినేదాన్ని. టీవీ కంటే అదే బాగుండేది, పైగా మధ్యలో ప్రకటనలు రావు.

మా అత్తగారు సినిమా హాల్లో టికెట్లమ్మేది. రెండు సందుల అవతల ఉంది ఆ హాలు. దాని టికెట్ కిటికీ ఎవడు కట్టాడో గానీ, బయట నడుము ఎత్తులో ఉంటుంది, లోపల నేల ఇంకా పల్లం. టికెట్టు కావలసినవాడు వంగి చెయ్యి లోపలికి పెట్టాలి. ఆవిడేమో ఎప్పుడూ తల వంచుకుని టికెట్లు చింపుతూనో చిల్లర ఏరుతూనో ఉంటుంది. కాబట్టి ఇన్నేళ్లుగా జనం చూసింది ఆవిడ నడినెత్తిని మాత్రమే. ఆ నెత్తి చూసే ఆవిడకి ఎర్రమ్మ అని పేరొచ్చింది. కిటికీలో ఎర్రతల ఉందంటే బ్లాకులో అమ్ముకునేవాళ్లు అటు రారు, వచ్చినా తిట్లు తిని పోతారు. కుటుంబంతో వచ్చినవాళ్లు ఆ తల కనబడితే హమ్మయ్య అనుకుని లైన్లో నిలబడేవాళ్లు.

ఆ ఎరుపు గోరింటాకుది. నెలకో ఆదివారం ఇల్లంతా దాని కిందే నలిగేది. ముందురోజే ఇనుప మూకుట్లో పొడి పోసి టీ డికాక్షన్‌తో కలిపి నానబెట్టేది. మర్నాడు అది తలకి పట్టించుకుని, పైన ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, మధ్యాహ్నం దాకా ఇంట్లో తిరుగుతూ ఆజ్ఞలు జారీ చేసేది. బాత్రూము గచ్చు మీద మరకలు, దిండు గలీబుల మీద మరకలు. ఒకసారి ఇస్త్రీకొచ్చిన తెల్ల చొక్కా మీద ఆవిడ బొటనవేలి ముద్ర పడింది. ఆ చొక్కా యజమానికి నేనేం చెప్పి తప్పించుకున్నానో ఇక్కడ రాయను, ఆయన ఇంకా నా దగ్గరికే వస్తున్నాడు.

తర్వాత ఆవిడకి జబ్బు చేసింది. ఏ జబ్బో చెప్పను. పేరు చెప్తే జనం గొంతు తగ్గించి మాట్లాడతారు, అలా మాట్లాడితే ఆవిడకి ఒళ్లుమంట. వైద్యం జబ్బుకంటే మొండిది. జబ్బు లొంగింది గానీ జుట్టు మాత్రం కుచ్చులు కుచ్చులుగా ఊడి, ఆఖరికి కనుబొమ్మలతో సహా పోయింది. ఇక భయం లేదు, పనికి వెళ్లొచ్చు, మామూలుగా తిరగొచ్చు అని డాక్టరు నవ్వుతూ చెప్పాడు. ఈవిడ ఇంటికొచ్చి మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది.

పడుకుంటే పడుకుంది, నాలుగు రోజులు పోతే ఆవిడే లేస్తుందనుకున్నాం. లేవలేదు. మా ఆయన ఊలు టోపీ ఒకటి కొనుక్కొచ్చాడు, చెవుల దగ్గర బొచ్చు బంతులు వేలాడుతున్నది. దాన్ని పిల్లికి తొడగమంది. మాకు పిల్లి లేదు. రుమాలు కట్టి చూశాం, మూత కట్టిన పచ్చడి జాడీలా ఉన్నానని విప్పి పారేసింది. ఆ తర్వాత ఆ విసుర్లు కూడా లేవు. తోటికోడలు కావాలనే గదిలోకి వెళ్లి, మోటారు వేసి మర్చిపోయింది నేనే, ట్యాంకు పొర్లిపోయింది అని చెప్పినా ఆవిడ ఇటు తిరగలేదు. అప్పుడు భయమేసింది నాకు. ఆవిడ తిట్టని ఇల్లు ఇల్లులా లేదు.

హాలు మేనేజరు ఫోన్ చేశాడు. ఈవిడ స్థానంలో తాత్కాలికంగా ఒక అమ్మాయిని కూర్చోబెట్టాడట. పెద్ద సినిమా ఒకటి రాబోతోంది, అది విడుదలయ్యే రోజుకి ఈవిడ వచ్చి కూర్చుంటే సరే, లేకపోతే ఆ అమ్మాయినే ఖాయం చేయక తప్పదన్నాడు. మంచివాడే, మొహమాటపడుతూనే చెప్పాడు. ఈవిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విని, ఆ పిల్లనే ఉంచుకోండి అని పెట్టేసింది. నేను ఉండబట్టలేక దెబ్బలాటకి దిగాను. ఇన్నేళ్లు కూర్చున్న కుర్చీ అలా ఎవరికో వదిలేస్తారా, తలకి గుడ్డ కట్టుకుని వెళ్తే ఎవరు తింటారు అన్నాను.

ఆవిడ గోడతోనే మాట్లాడింది. "ఆ కిటికీలో నా మొహం ఎవడు చూశాడే? చూసింది తలే. అదే లేనప్పుడు అక్కడికెళ్లి కూర్చునేది ఎవరు?"

గుమ్మంలో నిలబడి విన్న తోటికోడలు చెప్పులేసుకుని కార్ఖానాకి వెళ్లిపోయి, సాయంత్రం సంచిలో ఎర్ర విగ్గొకటి వేసుకుని వచ్చింది. ఎవరో తీసుకెళ్లకుండా వదిలేసిన సరుకు. మేము ఆవిడని లేపి కూర్చోబెట్టి తొడిగాం. ఆవిడ అద్దంలో చూసుకుని, విగ్గు తీసి గదిలో ఆ మూలకి విసిరింది. అది బొమ్మ జుట్టు అంది, మళ్లీ పడుకుంది. నిజమే, బొమ్మ జుట్టే. ముందునుంచి వెనక దాకా ఒకటే ఎరుపు, గోడకి వేసిన పెయింటులా.

తోటికోడలు దాన్ని మూలనుంచి తీసి దులిపి, వంటింట్లోకొచ్చి నా ఎదురుగా కూర్చుంది. తప్పు తనదేనంది. తను ఆ మాట అనగా వినడం నాకదే మొదటిసారి. గోరింటాకు పెట్టిన తలలో రంగు ఒక్కటి ఉండదట. తెల్ల వెంట్రుక నిప్పులా ఎర్రబడుతుంది, నల్లది నల్లగానే ఉండి ఎండలో మాత్రం ఎరుపు కొడుతుంది. రెండూ కలిస్తేనే ఆ తల. డబ్బాలో దొరికే రంగుతో అది రాదు, నల్ల వెంట్రుకల్లో కొన్నిటి రంగు ముందు తీసేసి తెల్లబరిచి, వాటికి నిజం గోరింటాకు పెట్టాలి. కార్ఖానాలో ఆ పని కుదరదు. గోరింటాకు అక్కడ గడప దాటకూడదు. ఎప్పుడో ఒకడు బజార్లో దొరికే నల్ల గోరింటాకు పట్టించిన జుట్టు చెప్పకుండా అమ్మాడు. ఆ పొడిలో ఏ లోహం కలిపారో ఏమో, రంగు తీసే మందులో ముంచగానే గిన్నె పొగలు కక్కి, జుట్టు ముద్దయి కూర్చుంది. అప్పట్నుంచి మేస్త్రీ వచ్చిన ప్రతి మూటా వాసన చూస్తాడు, అనుమానమొస్తే మనుషుల తలలు కూడా వాసన చూస్తాడు. కాబట్టి ఏం చేసినా ఇంట్లోనే చేయాలి.

మా మరిదికి ఇది తెలిసి ఫోన్‌లో చదివి సలహా చెప్పాడు. మందులెందుకు, నిమ్మరసంలో తేనె కలిపి రాసి ఎండలో పెడితే జుట్టు దానంతటదే తెల్లబడుతుందట. తోటికోడలు వాడి మొహం కేసి, అంటే వాడి నుదుటి గీత కేసి, జాలిగా చూసింది. అయినా కార్ఖానా నుంచి తెచ్చిన తుక్కు జుట్టు ఒక కుచ్చు ఇచ్చింది. వాడు దానికి రాసి డాబా మీద పెట్టాడు. సాయంత్రం వెళ్లి చూస్తే చీమలు దాన్ని పిట్టగోడ దాకా లాక్కెళ్లాయి. రంగు మారలేదు.

రెండో కుచ్చుకి తనే మందు పెట్టింది. రంగు తియ్యగానే తెల్లబడింది, గోరింటాకు పెట్టగానే ఇటుక పొడిలా తయారైంది. కార్ఖానా జుట్టుకి ముందే యాసిడ్ స్నానం చేయించి పైపొర గీకేస్తారట, అందుకే రంగు ఆగకుండా తాగేసింది. యాసిడ్ తగలని జుట్టు కావాలి. తను చెయ్యి వెనక్కి పెట్టి జడ ముందుకు లాక్కుంది. నా మణికట్టంత జడ, నడుం దాటి ఉంటుంది. ఒక్క నూనె తప్ప ఏదీ ఎరగదు అది.

లెక్క బాగానే వేసుకుంది. ముందే కత్తిరించేసి రంగు కుదరకపోతే జుట్టు దండగ. తల మీద ఉండగానే రంగు తీసి, గోరింటాకు పెట్టి, బాగా వస్తే అడుగు పొరలోంచి కాస్త కాస్త కత్తిరించుకోవాలి. కత్తిరించిన చోటుని పైనున్న జుట్టు కప్పేస్తుంది, ఎవరికీ తెలియదు. నాకూ సబబుగానే తోచింది.

ఆదివారం పెరట్లో స్టూలు వేసుకుని కూర్చుంది. వెనకవైపు తనకి కనబడదు కాబట్టి బ్రష్షు నా చేతికిచ్చింది. నీలిరంగు పొడి, ద్రావకం కలిపిన ముద్ద. వాసనకి కళ్లమ్మట నీళ్లు కారాయి. కుదుళ్ల నుంచి మొదలుపెట్టమంది. కార్ఖానాలో అలాగే చేస్తారట, బల్ల మీద కుచ్చులు పరిచి ముందు కుదుళ్ల వైపు రాస్తారు. అవే మొండివి, చివర్లు ముసలివి కాబట్టి తొందరగా లొంగుతాయి, వాటికి ఆఖర్న రాస్తే చాలు. గంటైనా పడుతుంది, తొందరపడకు అని చెప్పి కళ్లు మూసుకుంది.

నేను కుదుళ్లకి రాయడం పూర్తిచేసి, కింద జడ పాయలు విడదీస్తున్నాను. పైన చూస్తే పసుపు. పసుపుగా అయిందే అన్నాను. అప్పుడే ఎలా అవుతుందక్కా అంది. ఎండగడ్డిలా ఉందే అన్నాను. నీకు చొక్కాల సంగతి తెలుసు, జుట్టు సంగతి నాకు తెలుసు అంది. నాకూ పౌరుషం ఉంటుంది. సరే, నీ తల నీ ఇష్టం అని నిమ్మళంగా కింద రాసుకుంటూ కూర్చున్నాను. తీరా నెత్తి మండుతోందని తనే లేచి బాత్రూములోకి పరిగెత్తి కడుక్కుని, అద్దంలో చూసుకుని కెవ్వుమంది.

కుదుళ్ల దగ్గర వేలి కణుపు మందాన జుట్టు లేత గడ్డి రంగు. దాని కింద తుప్పు రంగు. చివర్లు ఎప్పటిలా కారు నలుపు. తనకి అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది. తల వేడికి మందు కుదుళ్ల దగ్గర గబగబా పనిచేసేసింది. ఇన్నేళ్లు చెక్క తలల మీద పనిచేసిన మనిషికి, బతికున్న తల వెచ్చగా ఉంటుందన్న సంగతి తట్టలేదు. నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకెళ్లి నవ్వి వచ్చాను.

ఆ తలతో బయటికి వెళ్లడం కుదరదు కదా. కార్ఖానాకి జ్వరమని కబురు పెట్టి, నెత్తి మంట తగ్గేదాకా ఆగి, పసుపు పోతే చాలని గోరింటాకు కలిపాం. అత్తగారి మూకుడే తీశాం. గదిలోకి ఆ వాసన వెళ్లినట్టుంది. మంచం మీంచి గొంతు వినబడింది, డికాక్షన్ చల్లారాక పోశారా, వేడిగా పోసి తగలేశారా అని. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఎన్నో రోజుల తర్వాత ఆవిడ తనంతట తాను నోరు విప్పింది. వేడిగానే పోశామని తోటికోడలు అబద్ధమాడింది, ఇంకో నాలుగు మాటలు తిట్టించుకోవడానికి. ఆవిడ తిట్టింది కూడా.

తల కడుక్కుని, ఆరబెట్టుకోవడానికి తను అత్తగారి గదిలో కిటికీ దగ్గర కూర్చుంది. ఎండ అక్కడే పడుతుంది. జుట్టు ఆరుతున్నకొద్దీ నెత్తి మీద నారింజ రంగు మంట లేచింది. చెవుల దాకా వచ్చేసరికి ముదురు ఎరుపు, భుజాలు దాటాక నలుపు. నేను గుమ్మంలో నిలబడి, నీ తలమీద ఎవరో నిప్పంటించి మధ్యలో ఆర్పేసినట్టుంది అన్నాను. తనూ నవ్వింది. ఏమిటా ఇకఇకలు అని అత్తగారు చిరాగ్గా ఇటు తిరిగింది. తిరిగి, అలాగే ఉండిపోయింది. మోచెయ్యి ఊనుకుని మెల్లగా లేచి కూర్చుంది.

"అది నా తల" అంది.

ఆవిడ చెయ్యి చాపి, వంగు అని తోటికోడలికి సైగ చేసి, ఆ పిల్ల పాపిట్లోకి వేళ్లు పోనిచ్చి చూసింది. పైన కొత్తగా వచ్చిన తెల్ల జుట్టుకి ఒక్క పూతే పడుతుందని, కింద జుట్టు మీద ప్రతి నెలా పూత మీద పూత పడి ముదురుతుందని, అందుకే నడినెత్తి ఒక రంగు, ముడి ఒక రంగు ఉండేదని చెప్పింది. జనం చూసింది సరిగ్గా ఈ రంగే అంది. నేను ఇన్నేళ్లు అదే ఇంట్లో ఉండి ఎప్పుడూ గమనించలేదు. తలలు తప్ప ఏమీ చూడని మా తోటికోడలు కూడా గమనించలేదు, దానికి చాలా సిగ్గుపడింది.

అప్పుడు తను ఒక విషయం నెమ్మదిగా బయటపెట్టింది. అడుగు పొర కత్తిరించుకుంటే సరిపోదు. ఆ నారింజ రంగు ఉన్నదంతా నెత్తిని ఆనుకునే ఉంది. కత్తెర పెడితే అది తల మీదే మిగిలిపోతుంది. ఆ రంగు కావాలంటే నున్నగా గొరిగేయాలి. మొత్తం.

అత్తగారు మళ్లీ గోడవైపు తిరిగిపోతుందేమోనని నేను హడలిపోయాను. తిరగలేదు, తిట్టింది. "నాకు పోయిందంటే నా చేతుల్లో లేక పోయింది. ఉన్నదాన్ని గొరుక్కోవడానికి దీనికేం పొయ్యేకాలం వచ్చింది? దాని జుట్టు నాకొద్దని చెప్పు." గదిలో ఎదురుగా కూర్చున్న మనిషికి నా ద్వారా కబురు చేస్తోంది.

తోటికోడలు కూడా నాకే చెప్పింది, ఈ తలతో వెళ్తే మేస్త్రీ గుమ్మంలోనే వాసన చూసి గెంటేస్తాడని, ఇలాంటి తల ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటేనని, తన పని పోగొట్టుకోవడం తన వల్ల కాదని. ఆవిడ మీద జాలితో చేస్తున్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల భ్రమ అని కూడా చెప్పమంది. అందులో నిజం ఎంతో నేను అడగలేదు. మర్నాటిదాకా ఇద్దరూ పంతం పట్టి కూర్చున్నారు. నేను పన్నెండు చొక్కాలు ఇస్త్రీ చేసి అందులో ఒకటి కాల్చాను.

మర్నాడు పొద్దున మరిది గడ్డం బ్లేడు పెట్టె, దారపు ఉండ తీసుకుని తోటికోడలు అత్తగారి గదిలోకే వెళ్లి నేల మీద కూర్చుంది. ముందు జుట్టుని చిన్న చిన్న పాయలుగా తీసి, నెత్తికి ఆనించి దారంతో గట్టిగా కట్టాలి. అప్పుడే కుదుళ్లన్నీ ఒకవైపు ఉంటాయి, చిందరవందర అయితే విగ్గు చిక్కుపడుతుంది. ముందువైపు పాయలు తనే కట్టుకుంది, వెనకవి నేను కట్టాను. బ్లేడు కూడా నా చేతికే ఇచ్చింది. నేను మొదటి పాయ కిందికి బ్లేడు పోనిచ్చాను. అది జారి చెవి పక్కకి పోయింది. ఎదురుగా అద్దం లేదు గానీ, తన మెడ బిగుసుకోవడం నాకు తెలుస్తోంది. అంత జడ ఉన్న పిల్ల. నోటికొచ్చిన కబుర్లు ఎన్ని చెప్పినా, ఆ క్షణంలో తను కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

మంచం కిర్రుమంది. అత్తగారు లేచి నిలబడింది. ఇన్ని రోజుల్లో తనంతట తను మంచం దిగడం అదే మొదటిసారి. గోడ పట్టుకుని వచ్చి నా చేతిలోంచి బ్లేడు లాక్కుంది.

"ఇలా తే. నీ చేతికిస్తే చెవులు కూడా వస్తాయి."

ఆవిడే గొరిగింది. ఒక చేత్తో కోడలి గడ్డం పట్టుకుని తల అటూ ఇటూ తిప్పుతూ, కదిలావంటే ఊరుకోను అని గదమాయిస్తూ, ఒక్క గాటు పడకుండా గొరిగింది. పాయలన్నీ నేను వరసగా పేపరు మీద పేర్చాను. అయిపోయాక ఆవిడ తన అరచేతిని ఆ నున్నటి తల మీద పెట్టి, కాసేపు అలాగే ఉంచింది. ఇద్దరి తలలూ ఒకటే ఆకారంలో ఉన్నాయి, సొంత తల్లీకూతుళ్లు అనుకునేలా. ఆ మాట నేను పైకి అనలేదు, ఇద్దరూ కలిసి నన్ను చంపేసేవాళ్లు.

తర్వాతంతా పని. కార్ఖానా నుంచి పాత చెక్క తల ఒకటి తెచ్చి, అత్తగారి తల కొలతకి గుడ్డలు చుట్టి, వల బిగించింది. రోజూ పని నుంచి వచ్చి, అన్నం తిని, దాని ముందు కూర్చునేది. గడ్డి రంగు కుదుళ్లు నారింజగా మారినవి పాపిట్లోకి, ముదురువి పక్కలకి, అక్కడక్కడ నల్ల వెంట్రుకలు. అత్తగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని వంకలు పెట్టేది. ఎడమవైపు ఎక్కువైంది, నాకు చెవి మీద తక్కువ తెలుపు ఉండేది, అక్కడ నలుపు వెయ్యి. తను విప్పి మళ్లీ వేసేది. చెక్క తలకి అత్తగారు మూడో కోడలు అని పేరు పెట్టింది. అందరిలోకీ అదే మంచిదట, ఎదురు చెప్పదు, మోటారు వేసి మర్చిపోదు. ఇంట్లో మళ్లీ పొద్దస్తమానం కేకలు వినబడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా విడుదలకి ముందురోజు పాపిడి పూర్తయింది. ఆవిడ పెట్టుకుని అద్దంలో చూసుకుని, పర్లేదు అంది. ఆ నోటి నుంచి అది చాలా పెద్ద మాట. ఇంటి బయట ఒక్కరికి కూడా ఇది విగ్గని తెలియకూడదని మా అందరి చేతా మాట తీసుకుంది. తెలిసిన రోజున ఆ కిటికీలోంచి లేచి వచ్చేస్తానంది.

పెద్ద సినిమా రోజున నేను, తోటికోడలు హాలుకి వెళ్లాం. ఆ హీరో అంటే ఇద్దరికీ పడదు. కిటికీలో ఎర్రతల చూడడానికి వెళ్లాం. లైను గేటు దాకా ఉంది. తను తలకి రుమాలు గట్టిగా కట్టుకుంది. ముందుకి జరుగుతూ జరుగుతూ కిటికీ దగ్గరికొచ్చేసరికి, వంగినవాడల్లా టికెట్టు తీసుకుని మామూలుగా పోతున్నాడు. ఒక్కడూ తేడా కనిపెట్టలేదు. లోపల ఆవిడ తల వంచుకుని టికెట్లు చింపుతోంది, నడినెత్తి ధగధగలాడుతోంది. తోటికోడలు నా చెయ్యి నొక్కింది.

మా వంతొచ్చింది. వెనకనుంచి జనం ఒక్కసారిగా తోశారు. ఆ తోపుడుకి రుమాలు జారి తన మెడ మీద పడింది. మా వెనక నల్ల కళ్లద్దాలవాడు ఒకడున్నాడు. వాడు ఈల వేసి, "ఏం గుండూ, టికెట్లు కొంటున్నావా, కరెంటు పోతే వెలుగు చూపించడానికొచ్చావా?" అన్నాడు. లైన్లో చాలామంది నవ్వారు.

తోటికోడలికి నోరు లేకపోవడం అప్పుడే చూశాను. ఎవరికైనా అక్కడికక్కడే వడ్డించే మనిషి, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని నిలబడిపోయింది. వాడి చొక్కా కాలర్ పట్టుకుందామని నేను తిరిగాను. చూస్తే మా ఇస్త్రీ చొక్కానే, నిన్ననే ఇచ్చాను వాడికి.

కిటికీలోంచి గొంతొచ్చింది. "ఎవడది?"

టికెట్లు చింపడం ఆగిపోయింది. ఎర్రతల పైకి లేచింది. అక్కడున్నవాళ్లలో చాలామంది మా అత్తగారి మొహం మొదటిసారి చూశారు. పీక్కుపోయిన మొహం, కనుబొమ్మలు ఇంకా సరిగ్గా మొలవలేదు. ఆవిడ వాడి వైపు చూపుడు వేలు చూపించింది.

"దాని నెత్తి మీదున్న గుండు నాది. నా నెత్తి మీదున్న జుట్టు దానిది. నువ్వు అన్నది ఎవరినో తేల్చుకుని చెప్పు, అప్పుడిస్తాను టికెట్టు."

లైను చివరి దాకా వినబడింది. ఎవరికీ తెలియకూడదని మాతో ఒట్టు వేయించుకున్న మనిషి, ఊరంతా నిలబడ్డ రోజున తనే చెప్పేసింది. వాడు కళ్లద్దాలు తీసి, తప్పయిందండి అని గొణిగాడు. నాకు కాదు అంది ఆవిడ. వాడు తోటికోడలి వైపు తిరిగి మళ్లీ చెప్పాడు. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు, ఇంటికి వచ్చేస్తాననలేదు. రెండు టికెట్లు చింపి కిటికీలోంచి తోసింది.

తోటికోడలు టికెట్లు తీసుకోలేదు. వంగి లోపలికి చూసింది. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి, గొంతు మాత్రం ఎప్పటి గొంతే.

"తల వంచండి అత్తయ్యా. పాపిడి పక్కకి పోయింది."

మా అత్తగారు తల వంచింది. తోటికోడలు కిటికీ కన్నంలోంచి రెండు చేతులూ లోపలికి పెట్టి, తొందరపడకుండా పాపిడి సరిచేసి, చెవుల దగ్గర వెంట్రుకలు నిమిరింది. అంతసేపూ లైను మొత్తం ఆగింది. నేను ఏడ్చాను, దాచుకోవడానికేముంది. సినిమా మాత్రం పరమ చెత్తగా ఉంది.